మందును ఆరా తీసిన వామన్‌రావు

వామన్‌రావు ఎవరినీ నమ్మడు. ఇది తిట్టు కాదు, హరిబౌలిలో ఆయనకున్న పేరు. పాతబస్తీలో ఆడపిల్ల ఉన్న ఇంట్లో సంబంధం మాట రాగానే జాతకాల కంటే ముందు ఆయన్ను పిలిచేవాళ్లు. పిల్లవాడి గల్లీకి వెళ్లి, వాడెట్లాంటివాడో ఆరా తీసి చెప్పడం ఆయన పని. ఉద్యోగం వేరే. కరెంటాఫీసులో మీటర్ రీడర్‌గా చేసి రిటైరయ్యాడు. ఏళ్ల తరబడి ప్రతి ఇంటి మెట్ల కిందా తల దూర్చినవాడు కాబట్టి, ఎవరింట్లో మొగుడు పగటిపూట నిద్రపోతాడో, ఎవరింట్లో కోడలు ఏడుస్తూ తలుపు తీస్తుందో ఆయనకు తెలుసు. ఆరాకు పైసా తీసుకోడు. పెళ్లికి మొదటి పత్రిక, ఒక శాలువా, ముందు వరసలో కుర్చీ. అవి చాలు.

ఆయనకో పద్ధతి ఉంది. సూటిగా ఏదీ అడగడు. పిల్లవాడి గడప తొక్కడు. ఇస్త్రీ డబ్బా దగ్గరో చాయ్ బండి దగ్గరో నిలబడి, ఇంకెవరి గురించో మాట్లాడుతూ మాట్లాడుతూ అసలు మనిషి దగ్గరికి వస్తాడు. గల్లీలో నలుగురూ ఒకే మంచిమాట చెప్పారంటే ఆ సంబంధం అక్కడికక్కడే కొట్టేస్తాడు.

"మనిషన్నంక ఒక్కడన్న తిట్టాలె. ఎవ్వడూ తిడ్తలేడంటే అందరికి ముందే చెప్పిపెట్టిండ్రన్నట్టు" అంటాడు.

శాలిబండలో ఒక పిల్లవాడిని ఇట్లాగే వద్దన్నాడు. ఏడాది తిరక్కుండానే వాడికి అంతకు ముందే ఒక పెళ్లాం ఉందని బయటపడింది. అప్పట్నుంచి ఆయన అనుమానానికి ఎదురు లేదు. ఆ నోట్లో పడి బంగారంలాంటి సంబంధాలు కూడా చెడిపోయాయని అనేవాళ్లున్నారు. కానీ ఆయన ముందు అనరు.

అట్లాంటి మనిషికి పిత్తనాళంలో క్యాన్సర్ వచ్చింది. తెలిసేసరికే కాలేయానికి పాకింది. కామెర్లు ఎక్కకుండా నాళంలో సన్నటి గొట్టం వేశారు. ఒక కీమో అయింది, ఇంకొకటి అయింది, రెండూ పని చేయడం మానేశాయి. మూసీ అవతల పెద్దాసుపత్రిలో డాక్టర్ సుచరిత కొత్త స్కాన్ చూసి, కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుంది. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఇంటి పిల్ల. మర్యాద ఎక్కువ, మాట సూటి.

"మామూలు మందులు అయిపోయాయండీ, వామన్‌రావు గారూ. కొత్త మాత్ర ఒకటి ఇంకా పరీక్షలో ఉంది. మీ గడ్డలో ఒక రకమైన మార్పు ఉంది. ఆ మార్పు ఉన్నవాళ్ల మీదే ఆ మందును చూస్తున్నారు. మీరు ఒప్పుకుంటే చేర్చుకోవచ్చు."

"తగ్గుతదా?"

"చెప్పలేనండీ."

"కొంచెమన్న?"

"అదీ చెప్పలేను. కొందరిలో గడ్డ పెరగడం ఆగింది. ఇక్కడే ఒకరికి చాలా నెలలుగా అట్లాగే ఆగి ఉంది. కొందరికి అసలు పని చెయ్యలేదు. మీకు మేలు జరక్కపోవచ్చు, ఇబ్బందులు మాత్రం రావచ్చు."

"మరి ఖర్చు?"

"మందుకీ పరీక్షలకీ మీరేమీ కట్టక్కర్లేదు. రానుపోను చార్జీలు కూడా ఇస్తారు. మందు వల్ల ఏదన్నా జరిగితే వైద్యం వాళ్లే చేయిస్తారు, బీమా ఉంది. ఇదంతా మీకు చెప్పి సంతకం తీసుకునేటప్పుడు వీడియో కూడా తీస్తామండీ."

వామన్‌రావు ఒక్కసారి కొడుకు నందకిశోర్ వైపు చూశాడు. కట్నం వద్దు, పెళ్లిఖర్చు మాదే, మీ బస్సు కూడా మేమే పెడతాం, పైగా మా వాడిలో ఫలానా ఫలానా లోపాలున్నాయి అని వాళ్లంతట వాళ్లే చెప్పే పెళ్లివారిని ఆయన పుట్టి బుద్ధెరిగి చూడలేదు. చూసి ఉంటే ఆ గల్లీలో నుంచి చెప్పులు చేతబట్టుకుని పరుగెత్తేవాడు. చిన్న లోపం చెప్పేది పెద్దది దాచడానికే.

"కాయితాలు తీసుకెళ్లి చదవండి. ఇంట్లో మాట్లాడండి. ఒక్క చోటే ఖాళీ ఉంది, వచ్చే సోమవారం దాకా మీకోసం ఉంచగలను. ఇంకో సంగతి, రక్తంలో కామెర్ల లెక్క ఒక హద్దు లోపల ఉంటేనే చేర్చుకుంటారు. ఈరోజు ఉంది. ఎప్పటిదాకా ఉంటుందో నేను చెప్పలేను" అంది సుచరిత.

ముహూర్తానికి తొందరపెట్టడం కూడా అయిపోయింది అనుకున్నాడు వామన్‌రావు.

ఇంటికొచ్చాక భార్య రమాబాయి ముందు అదే మాట పెట్టాడు. "సోమవారం దాకనే ఎందుకట? తొందరపెట్టేటోడు ఏదో దాచిపెడ్తున్నట్టే."

"మీ కడుపుల గడ్డ కూడ తొందరపెడ్తున్నది. దానికి చెప్పుండ్రి, జర ఆగుమని" అంది రమాబాయి, చపాతీ పిండి మీద నుంచి కళ్లెత్తకుండానే.

నందకిశోర్‌కు చాంద్రాయణగుట్ట చౌరస్తాలో మొబైల్ రిపేరు దుకాణం ఉంది. ఫోన్ తండ్రి ముందు పెట్టాడు. "నేను నెట్‌ల చూసిన బాపూ. సర్కారు దగ్గర రిజిస్టర్ అయిన ట్రయలే. నంబర్ గిట్ల అంత బరాబర్ ఉన్నది."

"పెండ్లి పత్రిక ఎప్పుడూ బరాబరే ఉంటది నందూ. పిల్లగాడే ఖరాబుంటడు."

"మందుల పిల్లగాడేంది బాపూ!"

"అసల్ మాట నేను చెప్తా" అంది రమాబాయి. ఈసారి తలెత్తింది. "మీకు సచ్చుడంటె భయం లేదు. మోసపోవుడంటేనే భయం. రేపు మీరు లేకున్నా పర్వా లేదు గని, హరిబౌలిల ఎవ్వరూ 'వామన్‌రావును కూడ ముంచిండ్రు' అనొద్దు. గంతే గదా?"

ఆయన ఫోన్‌ను నందూ వైపు తోశాడు. ఆమె మాట అబద్ధమైతే అప్పుడే కోప్పడేవాడు.

మర్నాడు గోరువెచ్చని నీళ్ల సీసా సంచిలో పెట్టుకుని ఒంటరిగా ఆసుపత్రి ఎదుట చాయ్ బండి దగ్గర దిగాడు. చాయ్ ముట్టకుండానే ఆ మాటా ఈ మాటా తీసి సుచరిత దాకా వచ్చాడు. "గా మేడమా? దేవత సాబ్" అన్నాడు బండివాడు. గేటు కాడి సెక్యూరిటీ అదే మాటన్నాడు. లోపల నేల తుడిచే ఆమె అదే మాటంది. లిఫ్ట్ నడిపే మనిషి అడక్కముందే అన్నాడు. నలుగురూ ఒకే మాట! ఇంత పెద్ద బందోబస్తు ఏ పెళ్లివారూ చెయ్యలేదు.

ట్రయల్ గది ఎదుట బెంచీ మీద కూర్చుని కళ్లు మూసుకున్నట్టు నటించాడు. "గుండయ్య గారూ" అని పిలుపు వినబడింది. గళ్ల చొక్కా వేసుకున్న పొడుగాటి మనిషి లేచాడు. ఛాతీ విరుచుకుని నడిచాడు. బయటికొచ్చేటప్పుడు చేతిలో తెల్లటి మందు డబ్బా, వెనక సుచరిత నవ్వు. గడ్డ ఆగిందని చెప్పింది వీడి గురించే అయి ఉండాలి. కానీ ఇంత గట్టి మనిషికి క్యాన్సరేమిటి? వామన్‌రావు వెనకాలే మెట్లు దిగాడు. ఆటోవాడితో మాట్లాడుతున్నప్పుడు రెండు ముక్కలు చెవిన పడ్డాయి: కిషన్‌బాగ్, ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసిన మనిషి. అంతకంటే తక్కువ పట్టుకుని ఆయన ఎన్నో ఇళ్లు కనిపెట్టాడు.

తర్వాతి రోజు కిషన్‌బాగ్‌లో రెండు గల్లీలు తిరిగాక ఒక ఇస్త్రీ డబ్బా కనబడింది.

"అమ్మా, డిపోల మెకానిక్ చేసిన గుండయ్య ఇల్లు ఎటు దిక్కు?"

ఇస్త్రీ చేసే ముసలామె పెట్టె పక్కన పెట్టింది. ఆయన తెల్లటి ధోవతిని, నున్నగా దువ్విన తలను, చంకలో గొడుగును కిందా మీదా చూసింది. "సంబంధమా?" అంది.

నిజం చెప్పాల్సింది అక్కడే. నాకూ రోగమే, ఆయన వాడే మందు గురించి అడగాలని వచ్చిన అంటే పోయేది. కానీ ఏళ్ల అలవాటు ఆయన కంటే ముందు నోరు తెరిచింది.

"అట్లనే అనుకో" అన్నాడు.

ఆ మాట ఆయన కంటే వేగంగా గల్లీ దాటింది. గేటు దగ్గరికి చేరేసరికి ప్లాస్టిక్ కుర్చీ తుడిచి ఉంది, వాకిట్లో నీళ్లు చల్లి ఉన్నాయి. గడప తొక్కకూడదన్న నియమం ఉన్న మనిషిని గుండయ్య రెండు చేతులూ పట్టుకుని లోపల కూర్చోబెట్టాడు. గుండయ్య భార్య మిర్చీల పళ్లెం తెచ్చింది. కూతురు స్రవ్య చాయ్ కప్పులు పెట్టి, పోకుండా తలుపు దగ్గరే నిలబడి ఆయన్నే చూడసాగింది.

"పిల్లగాడు ఏం చేస్తడు రావు సాబ్?"

"బ్యాంకుల. ఆ సంగతి మల్ల మాట్లాడుకుందం. ముందు మీ ఆరోగ్యం ఎట్లుంటది?"

"నాకేంది సాబ్! బండరాయి లెక్కున్న. డిపోల చేసినన్ని రోజులు సిక్ లీవ్ ఎరుగ. దవాఖాన గేటు ఏ రంగుంటదో కూడ తెల్వదు."

"మా రెండు దిక్కుల షుగర్ కూడ లేదన్నా" అంది భార్య, వెంటనే.

వామన్‌రావు గుండయ్య గోళ్లకేసి చూశాడు. నల్లగా, అంచులు లేచి ఉన్నాయి. ఆ చూపు కనిపెట్టి గుండయ్య చేతులు మడుచుకున్నాడు. "గ్రీజుల చేసినోని గోర్లు సాబ్, గిట్లనే ఉంటయ్. అవును గని మీరేంది, మస్తు చిక్కిపోయినట్టు కొడ్తున్నరు?"

"గ్యాస్. నూనె బందుపెట్టిన."

"తినుండ్రి, ఒక్క మిర్చి."

"మీరు తింటలేరు గద."

"నేను ఇప్పుడే అన్నం తిన్న."

ఇద్దరిలో ఎవరూ తినలేదు. పళ్లెం మధ్యలో చల్లారిపోయింది.

బయటపడ్డ వామన్‌రావు కడుపునొప్పి మరిచి నడిచాడు. దొరికింది! పెళ్లిలో తండ్రి లేని పిల్లవాడి పక్కన బాబాయని ఎవడినో తెచ్చి కూర్చోబెట్టిన వాళ్లను చూశాడాయన. వీళ్లు రోగిని తెచ్చి కూర్చోబెట్టారు. దవాఖాన మొహమే ఎరగనంటాడు, చేతిలో డబ్బా పట్టుకుని అందరి ముందూ నవ్వుతూ నడుస్తాడు. కిరాయి రోగి!

అట్నుంచి అటే ఆసుపత్రికి వెళ్లి సుచరిత బల్ల మీద కాయితాలు పెట్టేశాడు.

"గడ్డ ఆగినాయన ఒకడున్నడంటివి గదమ్మా. ఆయనకు రోగమే లేదు. ఇంటికి పోయి చూసొచ్చిన."

ఆమె మొహం పాలిపోయింది. "మీరు ఎవరింటికి వెళ్లారో దయచేసి నాకు చెప్పకండి. ఏ పేషెంటు గురించైనా సరే, నేను అవునని కానీ కాదని కానీ అనకూడదండీ."

"అవుననవు, కాదనవు. సంబంధాలల్ల దీన్ని మేము ఏమంటమో ఎర్కేనా? ఒప్పుకునుడు అంటం."

"మీరేమైనా అనుకోండి. సోమవారం దాకా ఆ చోటు మీదే" అని ఆమె కాయితాలు సొరుగులో పెట్టుకుంది.

ఆ రెండు రోజులూ వామన్‌రావు ఇంట్లో గెలిచినవాడిలాగా తిరిగాడు. రమాబాయి మాట్లాడటం మానేసింది. నందకిశోర్ దుకాణం నుంచి ఆలస్యంగా వచ్చాడు. ఆదివారం పొద్దున ఒళ్లంతా దురద పెడుతోందని ఆయన అంటే, రమాబాయి ఆయన గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పి, కళ్లలో పసుపు ఉందేమోనని చూసి, వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఒక్క సంగతి ఆయన మరిచిపోయాడు. ఆరా తీసే హక్కు పిల్ల వాళ్లకూ ఉంటుంది. సంబంధం మాట తెచ్చిన మనిషి ఎవరు, ఏ గల్లీ, మాట మీద నిలబడతాడా అని వాళ్లూ అడుగుతారు. అదే ఆదివారం పదకొండు గంటలప్పుడు స్రవ్య స్కూటీ వెనక కూర్చుని గుండయ్య హరిబౌలిలో దిగాడు. మూల మీది కిరాణా దుకాణంలో గోళీసోడా అడిగి వామన్‌రావు పేరెత్తాడు. దుకాణం రామ్‌చందర్ సోడా కొట్టడం ఆపి నోరు తెరిచాడు. "ఇంక సంబంధాలు చూస్తున్నడా? పాపం, ఆయనకు క్యాన్సరాయె! మందులు కూడ అయిపోయినయట గద."

గుండయ్య సోడా తాగలేదు. తలుపు కొట్టింది స్రవ్య. తీసింది రమాబాయి.

మంచం మీద నుంచి లేవబోతున్న వామన్‌రావును చూసి స్రవ్య గడపలోనే ఆగింది. "అంకుల్, సూటిగ అడుగుత. మీరు మా ఇంటికి నన్ను చూడనీకి వచ్చిండ్రా, మా బాపును చూడనీకి వచ్చిండ్రా?"

"సంబంధం గురించే బిడ్డా..."

"ఏ సంబంధం?" అంది రమాబాయి.

గుండయ్య వచ్చి మంచం పక్క స్టూలు మీద కూర్చుని, చొక్కా చేతులు పైకి లాక్కుని, రెండు చేతులూ ఆయన కళ్ల ముందు చాపాడు.

"దవాఖాన గేటు నీలం రంగు రావు సాబ్. మస్తు ఎర్క నాకు. గియ్యి గ్రీజు గోర్లు కావు, మందుకు లేచిన గోర్లు. నోరు చూస్తవా?" నాలుక బయటపెట్టాడు. ఎర్రటి పుండ్లు. "మిర్చి ఎందుకు తినలేదో ఇప్పుడు సమజైందా? నీది కూడ గ్యాస్ కాదంట గద!"

"మరి రోగమే లేదంటివి..."

"నువ్వు పెండ్లి మాట తీస్కొని వస్తివి! తండ్రికి క్యాన్సరంటే నా బిడ్డను ఎవడు చేస్కుంటడు? నా గల్లీల ఎవ్వరికి తెల్వదు. పొద్దున టిఫిన్ డబ్బా పట్టుకొని, ఏదో షెడ్డుల పనికి పోతున్నట్టు దవాఖానకు పోత. నీకు నిజం గావాలంటే నిజం చెప్పుకుంట రావాలె. 'అన్నా, నాకు గిట్లయింది, నీకెట్లున్నది' అంటే ఆ కుర్చీలనే కూసోబెట్టి అంత చెప్తుంటి."

వామన్‌రావు ఆ గోళ్ల మీద నుంచి కళ్లు తిప్పకుండా అడిగాడు. "మందు ఎట్లున్నది?"

"గడ్డ పెరుగుతలేదు. గది నిజం. కాళ్లు నిప్పుల మీద పెట్టినట్టు మండుతయ్. గది కూడ నిజం. నాతోని షురూ చేసిన సారు ఒకాయన పండుగ చూడకుండనే పోయిండు. గది ఇంక నిజం."

"అయితే నన్ను తీస్కొమ్మంటవా?"

"నన్నడుగకు! మంచిదంటే నేర్పిచ్చిండ్రంటవ్, చెడ్డదంటే ఇంకేదో దాస్తున్నరంటవ్."

స్రవ్య ఇంకా గడపలోనే ఉంది. ఆమెకు కోపం తగ్గలేదు. "మా అమ్మ రెండు రోజుల సంది నా చీరెలన్ని ఇస్త్రీకి ఏస్తున్నది అంకుల్. ఆమెకేం చెప్పాలె?"

సాయంత్రం వామన్‌రావు కొడుకు బండి వెనక కూర్చుని కిషన్‌బాగ్ వెళ్లి, ఈసారి లోపలికి పోకుండా గేటు బయటే నిలబడి, సంబంధం ఏదీ లేదని గుండయ్య భార్యకు చెప్పి చేతులు జోడించాడు. ఆమె తలుపేసుకుంది. తిరిగొచ్చేటప్పుడు ఇస్త్రీ డబ్బా దగ్గర బండి ఆపించాడు. "పిల్ల లక్షణంగున్నది, ఇల్లు మంచిగున్నది. పిల్లగాని దిక్కే తేడా వచ్చింది, మేమే తప్పుకున్నం" అని ముసలామెకు గట్టిగా, చుట్టుపక్కల వాళ్లు వినేటట్టు చెప్పాడు. ఆ వారంలో ఆయన సిగ్గుపడకుండా ఆడిన అబద్ధం అదొక్కటే.

సోమవారం సుచరిత సొరుగులో నుంచి కాయితాలు తీసింది. ఎదురుగా కెమెరా పెట్టారు. మందు పని చెయ్యకపోవచ్చునని ఎవరైనా చెప్పారా, ఎప్పుడైనా మానుకోవచ్చునని తెలుసా, ఎవరైనా బలవంతపెట్టారా అని ఒక్కొక్కటీ అడిగింది. ఆయన ఒక్కొక్కదానికీ జవాబు చెప్పి సంతకం చేశాడు. రక్తం తీసుకున్నారు. వామన్‌రావు, రమాబాయి, నందకిశోర్ బెంచీ మీద కూర్చున్నారు. మధ్యాహ్నం దాటాక సుచరితే బయటికి వచ్చి వాళ్ల ముందు నిలబడింది.

"కామెర్ల లెక్క హద్దు దాటిందండీ. గొట్టం మూసుకుపోతున్నట్టుంది, మార్చాలి. మార్చాక లెక్క దిగితే మళ్లీ రక్తం చూస్తాం. అప్పటిదాకా చోటు ఉంచమని మందు కంపెనీకి రాస్తాను. ఉంచుతారని మాత్రం మాటివ్వలేను."

నందకిశోర్ గోడ వైపు తిరిగాడు. వామన్‌రావు సుచరిత మొహంలోకి చూసి, జీవితంలో చాలా తక్కువసార్లు చేసిన పని చేశాడు. సూటిగా అడిగాడు.

"నువ్వు మొదలు చెప్పిన దినమే సంతకం పెట్టుంటే?"

కాదని అనొచ్చు ఆమె. అప్పుడైనా ఇంతేనండీ అంటే ఎవరికీ నష్టం లేదు. రమాబాయి కళ్లతో ఆమెను బతిమాలింది కూడా.

"ఆరోజు లెక్క సరిపోయిందండీ. ఆరోజైతే చేరేవారు" అంది సుచరిత. అన్నాక ఆమె కళ్లు దించుకోలేదు.

వామన్‌రావు ఆ మాటను అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. దాని వెనక ఏమీ లేదు. ఆమెకు దాంతో వచ్చే లాభం లేదు. ఆయనకు తగిలిన దెబ్బ తప్ప అందులో ఇంకేమీ కనబడలేదు.

"గొట్టం ఎప్పుడు మారుస్తరమ్మా?" అన్నాడు.

"రేపు పొద్దున్నే. రాత్రి నుంచి ఏమీ తినకూడదు."

"ఇప్పుడే భర్తీ చేస్కోండ్రి డాక్టరమ్మా" అంది రమాబాయి, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "ఇంటికి తీస్కపోతే తెల్లారేసరికి ఆ గొట్టం ఏ ఊరిదో, దాని అమ్మానాయన ఎవరో ఆరా తీసొస్తడు."

వార్డు మనిషి చక్రాల కుర్చీ తోసుకొచ్చాడు. వామన్‌రావు చెప్పులు విడిచి రమాబాయి చేతికిచ్చి అందులో కూర్చున్నాడు. ఏ వార్డని కూడా అడగలేదు.